ఆఖరి అటెంప్ట్

వాడు పరుగెత్తుతున్నాడు...

నారాయణగూడ మెట్రో పిల్లర్ల మధ్య నుంచి, భుజాన నల్ల బ్యాగు ఎగిరెగిరి పడుతుంటే, వెనక్కి చూడకుండా!

వాడి వెనక ఒక స్కూటీ.

స్కూటీ నడుపుతున్నది ఎస్సై భవ్య. ఆమె వెనక, ఒక చేత్తో కమ్మీనీ మరో చేత్తో జరీ కండువానూ పట్టుకుని, ప్రాణాలు మాత్రం దేవుడికే వదిలేసి కూర్చున్నవారు శ్రీమాన్ సూర్యనారాయణమూర్తి గారు.

అశోక్‌నగర్‌లో వారిని ఎరగని పోటీ పరీక్షల అభ్యర్థి ఉండడు. విజయధ్వజ అకాడమీలో అంతర్గత భద్రత బోధించే ఆచార్యులు. పైగా నిరుడు అకాడమీ వారికి ‘విద్యార్థి సంరక్షణాధికారి’ అన్న పదవిని ప్రసాదించింది. జీతం పెంచలేదు. గది తలుపుకు ఇత్తడి పలక మాత్రం కొట్టించింది.

సంరక్షణ అంటే ఏమిటి? పిల్లల చెవుల్లో ఎవరైనా విషం పోస్తుంటే ముందుగా పసిగట్టడం. తుపాకి వైపు జారుతున్నవాణ్ణి, జారకముందే చెయ్యిచ్చి పట్టుకోవడం.

ఈ సాయంత్రం, తన ఇంటి ముందే, ఆయన ఒకణ్ణి పసిగట్టారు.

"జైపాలే కదా సర్?" భవ్య తల తిప్పకుండానే అడుగుతుంది.

"వాడే. ముమ్మాటికీ వాడే."

ఎదురుగా సిటీ బస్సు... బ్రేక్!

ఆచార్యుల వారి ముక్కు ఎస్సై గారి హెల్మెట్‌కు గుద్దుకుంటుంది. కళ్ల ముందు నక్షత్ర మండలం.

బస్సు కదిలేసరికి వాడు లేడు.

"రైట్ సైడ్ గల్లీల దూరిండు సర్. గట్టిగ పట్టుకోండి."

మధ్యాహ్నం ఈ సమాచారం తెచ్చినవాడు శశాంక్. మొదటి బెంచీ శశాంక్. చేతులు కట్టుకుని నిలబడి, గొంతు పెంచకుండా చెప్పాడు. తన రూమ్మేట్ జైపాల్ ఫోన్లో ఏదో గ్రూపులో చేరాడట. గ్రూపు పేరు ‘ఆఖరి అటెంప్ట్’. పరీక్షలు తప్పినవాళ్లను పోగేసి, నీ ఉద్యోగం ఫలానావాడు కాజేశాడు, వాణ్ణి బతకనివ్వకు అని పొద్దూమాపూ నూరిపోస్తుందట. జైపాల్ తుపాకి సంపాదించాడట. ఈ రాత్రి చిక్కడపల్లి సభలో ఫణికిరణ్‌ను కాల్చేస్తాడట!

ఫణికిరణ్ అకాడమీ కిరీటంలో తాజా రత్నం. కొత్తగా డిప్యూటీ కలెక్టరు. ఈ రాత్రి వాడికే సన్మానం. పోస్టు కొనుక్కున్నాడని గ్రూపు వాదన. వాడు ఏమీ కొనలేదు. నేల మీద చాప వేసుకుని చదివాడు. ఆ సంగతి మూర్తి గారికి తెలుసు.

శశాంక్ మాటను ఆయన తక్షణం నమ్మి, పూర్వ విద్యార్థిని భవ్యకు ఫోను చేశారు. నమ్మకపోవడానికి కారణమేముంది? శశాంక్ అంటే వినయం. శశాంక్ అంటే క్రమశిక్షణ. ఇక జైపాల్ అంటే గడ్డం. చివరి బెంచీ. పరీక్ష వాయిదా వేయమని రోడ్డు మీద బైఠాయించడం, క్లాసులో లేచి "సార్, గిది తప్పు" అనడం. తల్లి నర్సింహమ్మ పాలమూరు నుంచి వలస వచ్చి, ముషీరాబాద్ బస్తీలో ఉంటూ సిమెంటు తట్టలు మోస్తుంది.

తీవ్రవాదిగా మారేవాడి లక్షణాలను మూర్తి గారు ‘సప్తలక్షణి’ పేరిట గ్రంథస్థం చేశారు. మూడు ముద్రణలు పొందింది. భవ్య కూడా అది బట్టీపట్టే ఎస్సై అయింది.

ఆ ఏడింట్లో జైపాల్‌కు ఎన్ని వర్తిస్తాయో ఆయన లెక్క చూసుకోలేదు. గడ్డం కనిపించింది కదా, మిగతావి అవే వస్తాయనుకున్నారు.

గల్లీ మొగన తోపుడు బండి అడ్డం! స్కూటీ ఆగిపోతుంది.

"మీరు దిగకండి సర్, నేను అటు నుంచి తిరిగొస్త..."

ఆయన అప్పటికే దిగిపోయారు. కండువా నడుముకు చుట్టి, పంచె కుచ్చెళ్లు ఎగ్గట్టి, పానిపట్టు మైదానంలోకి అడుగుపెడుతున్నట్టు గల్లీలోకి అడుగుపెట్టారు.

చీకటి. మురుగు వాసన. ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూత...

గల్లీ చివర గోడ. గోడకు ఆనుకుని వాడు!

"ఉరకకుండ్రి సార్. మీకు బీపీ ఉన్నది కద."

ఆచార్యులు ఆగుతారు.

"బ్యాగు... కింద పెట్టు నాయనా."

జైపాల్ పెడతాడు. జిప్పు తానే తీస్తాడు. తువ్వాలు. నలిగిన గైడు. సద్ది గిన్నె.

"మా అమ్మ కట్టిచ్చింది. చూస్తరా?"

మరి తన ఇంటి ముందు పొంచి ఎందుకున్నట్టని ఆయన గద్దిస్తారు. పొంచలేదనీ, నిలబడ్డాననీ, ఫోను చేస్తే ఎత్తరు, స్టాఫ్ రూముకొస్తే రానివ్వరు, ఇంకెక్కడ కలవాలనీ వాడు బదులిస్తాడు. పోలీసమ్మను చూసి భయమేసి ఉరికాడట.

"తుపాకి నాకాడ లేదు సార్. శశాంక్‌కాడ ఉన్నది, రూముల నా కండ్లతోని చూసిన."

ఆచార్యులు నవ్వుతారు. తన తప్పును పక్కవాడి నెత్తిన రుద్దడం. ఆరో లక్షణం! మూడో ముద్రణలో పూర్తి పేజీ ఉంది దీనికి.

"నవ్వుండ్రి. ఉగాదికి ముందుగాల గూడ గిట్లనే నవ్విండ్రు. శశాంక్ మంచిగ లేడు సార్, అన్నం తింటలేడు, ఎవ్వనితోని మాట్లాడ్తలేడు, జర పిలిచి అడుగుండ్రి అన్న. ఏమన్నరో యాదికున్నదా?"

ఉంది.

మొదటి బెంచీని చూసి ఏడ్చేవాడు చివరి బెంచీలోనే ముసలివాడవుతాడు అన్నారు. స్టాఫ్ రూమంతా నవ్వింది. ఆ నవ్వు ఆయనకు ఇష్టం. అలాంటి నవ్వుల కోసమే ఆయన అలాంటి వాక్యాలు ముందుగా రాసి పెట్టుకుంటారు.

చెవుల దగ్గర ఏదో వెచ్చబడుతుంది. ఇంకా చిన్నగానే.

"పోలీసులకు చెప్పవలసింది."

"ధర్నాల రెండుసార్లు ఎత్తుకపోయిండ్రు నన్ను. నా మాట ఇంటరా? మీరు చెప్తే ఇంటరు. గందుకే మీకాడికొచ్చిన." వాడు జేబులో చెయ్యి పెడతాడు...

ఆచార్యులు కళ్లు మూసుకుంటారు!

పేలింది తుపాకి కాదు. ఆడియో.

వెనక ఢమరుకం మోగుతుంటే, ఎవరిదో గంభీరమైన గొంతు...

‘ఇంటిని మరిచిపో. స్నేహితుణ్ణి వదిలిపెట్టు. పండగలు నీవి కావు. నిన్ను చూసి నవ్విన ప్రతివాడూ నీ శత్రువే. నీ కుర్చీలో ఎవడో కూర్చున్నాడు... వాణ్ణి లేపు!’

చప్పట్లు. ఈలలు.

ఆ గొంతు తనది!

ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజున ఇచ్చే ఉత్తేజ ప్రసంగం. ‘లేపు’ దగ్గర బల్ల మీద గుద్దాలని అద్దం ముందు నిలబడి సాధన చేసినది.

ఎక్కడైనా కత్తిరించారా? ఏదైనా అతికించారా? ఆయన ఆశగా చెవి ఒగ్గుతారు. లేదు. ఢమరుకం ఒక్కటే వాళ్లది. తక్కినదంతా తనదే, దగ్గుతో సహా.

"గా గ్రూపుల ఎక్కువ మీయే ఉంటయి సార్. దినాం పండుకునే ముందు ఇంటడు వాడు. బంద్ చెయ్‌రా అన్న ఒకసారి. సార్ గొంతు బంద్ చెయ్యమంటావా అని కొట్టవచ్చిండు."

ఆచార్యుల వారు ఫోను కోసం చెయ్యి చాస్తారు.

టార్చి వెలుగు!

"కదలకు! చేతులు పైకి." భవ్య. చేతిలో సర్వీస్ పిస్టల్.

జైపాల్ చేతులెత్తుతాడు. ఆమె వైపు చూడడు. మూర్తి గారి వైపు చూస్తాడు.

"చెప్పుండ్రి సార్."

చెప్పవలసింది ఒక్క వాక్యం. వీణ్ణి వదిలి శశాంక్‌ను పట్టుకో అని. కానీ, ఎందుకు సర్ అని ఆమె అడుగుతుంది. ఆడియో వినిపించవలసి వస్తుంది. రాత్రికి అది చానళ్లలో. రేపటికి తలుపు మీద ఇత్తడి పలక ఉండదు. ‘సప్తలక్షణి’ నాలుగో ముద్రణ ఉండదు. చిక్కడపల్లిలో కూరగాయలకు వెళ్లినా వెనక నుంచి ఎవడో ఒకడు ‘లేపు’ అంటాడు...

నిజం తేలేదాకా వీణ్ణి స్టేషన్లో కూర్చోబెడితే కొంపేం మునిగింది, అని లోపల ఒక ప్లీడరు లేచి వాదిస్తాడు.

ఆచార్యులు ఆ ప్లీడరుకే తలూపుతారు.

"తీసుకెళ్లమ్మా."

జైపాల్ చేతులు వాటంతటవే కిందికి దిగుతాయి. బేడీలు పడతాయి.

భవ్య వైర్‌లెస్ అందుకుంటుంది. మనిషి దొరికాడనీ, తుపాకి ఎక్కడ దాచాడో స్టేషన్లో కక్కిస్తామనీ, సభ దగ్గర బందోబస్తు అక్కర్లేదనీ, అక్కడివాళ్లను వెనక్కి పంపేయమనీ చెబుతుంది.

మూర్తి గారు వింటున్నారు. ప్రతి అక్షరమూ వింటున్నారు. నడుముకు చుట్టిన కండువా విప్పి, దులిపి భుజాన వేసుకుంటారు.

పెట్రోలింగ్ కారు వస్తుంది. ఎక్కబోతూ వాడు ఒక్క మాటంటాడు. కోపం లేకుండా.

"నన్ను లోపలేసినా మంచిదే సార్. సభ మాత్రం ఆపుండ్రి."

కారు కదిలిపోతుంది...

స్కూటీ చిక్కడపల్లి దారి పట్టింది. ముఖ్యవక్త సమయానికి చేరాలి కదా!

భవ్య హుషారుగా ఉంది. ఆ రోజుల్లో క్లాసులో ‘సప్తలక్షణి’ మొత్తం అప్పజెప్పించేవారని గుర్తు చేస్తూ, ట్రాఫిక్‌లోనే మొదలుపెడుతుంది. ఆప్తులతో మాటలు మానేయడం. ఇంటికి వెళ్లకపోవడం. నవ్వు, సినిమా, ఆట విడిచిపెట్టడం...

మూర్తి గారు ఒక్కొక్కటే జైపాల్‌కు అతికించి చూస్తారు.

జైపాల్ ప్రతి ఆదివారం తల్లి దగ్గరికి పోతాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమా వదలడు. నలుగురితో కలిసి తింటాడు, నలుగురితో గొడవపడతాడు. తన మొహం మీదే తప్పు సార్ అన్నాడు.

మరి శశాంక్?

దసరాకు ఊరికి పోలేదు. దానికి క్లాసులో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. చెల్లెలి పెళ్లికీ పోలేదు. దానికి ‘వజ్ర సంకల్పుడు’ అని బిరుదిచ్చారు. పాత నంబరు మార్చేశాడు. భేష్ అన్నారు. తల గుండు చేయించుకున్నాడు. సాధన అంటే అదీ అన్నారు. ఫణికిరణ్ పేరెత్తితే వాడి దవడలు బిగుసుకునేవి. ఆరోగ్యకరమైన పోటీ అన్నారు.

ఒక చేత్తో తీవ్రవాది లక్షణాలు రాశారు. మరో చేత్తో విజేత లక్షణాలు రాశారు. రెండూ ఒకటేనని రెండు చేతుల్లో దేనికీ తెలియలేదు!

వెచ్చదనం చెవుల నుంచి మెడకు, మెడ నుంచి వీపుకు పాకుతోంది. వయసు వచ్చాక సిగ్గు ఇంత వేడిగా ఉంటుందని ఆయన ఎరగరు.

"ఏడోది నేనే మర్చిపోయిన సర్. ఏంది ఏడోది?"

"భవ్యా... బండి ఆపమ్మా."

"సభ వచ్చేసింది సర్, గదే హాలు."

"ఆపు!"

ఆగుతుంది. లైట్ల తోరణాలు. ఫణికిరణ్ నిలువెత్తు ఫ్లెక్సీ. గేటు దగ్గర ఒక్క పోలీసు లేడు.

"ఆ గ్రూపులో తిరిగే గొంతు నాది. మనం పట్టుకోవలసింది శశాంక్‌ను."

ఆమె హెల్మెట్ తీస్తుంది.

"ఎప్పుడు తెలిసింది సర్?"

"ఇందాక."

"ఇందాక అంటే? నేను బందోబస్తు ఎత్తెయ్యక ముందుగాలా, తర్వాతనా?"

ఆయన నేల చూస్తారు. నేల మీద నలిగిన చామంతులు.

"ముందే."

భవ్య ఏదైనా అంటే బాగుండేది. తిడితే బాగుండేది. ఆమె చూసిన చూపు... ఇన్నేళ్లలో ఏ విద్యార్థీ ఆయన్ను అలా చూడలేదు.

హెల్మెట్ కింద పడేసి, ఆమె పరుగెత్తుతుంది!

హాలు కిక్కిరిసి ఉంది. నడవల్లో కూడా అభ్యర్థులే. భవ్య ఆ జనంలో చిక్కుకుపోయింది. తప్పుకోండని అరుస్తోంది. నాదస్వరం ఆమె అరుపును మింగేస్తోంది...

మూర్తి గారికి మాత్రం దారి తెలుసు. పక్క తలుపు. వెనక మెట్లు. వేదిక!

వేదిక మీద సింహాసనం లాంటి కుర్చీలో, మెడలో గజమాలతో, ఫణికిరణ్. సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు.

అటు పక్క మెట్లెక్కి, వెండి పళ్లెం పట్టుకుని, ఒకడు వస్తున్నాడు.

పళ్లెంలో మడతపెట్టిన శాలువా.

గుండు. తెల్ల చొక్కా. తడబడని అడుగు.

సన్మానపు శాలువా మోసే గౌరవం ఎవరికివ్వాలని నిన్న కమిటీ అడిగితే, మరో ఆలోచన లేకుండా శశాంక్ పేరు చెప్పింది తానే! బందోబస్తు ఎత్తేయక ముందు గేటులో అందరి సంచులూ వెతికారు. పళ్లేన్ని ఎవరు వెతుకుతారు?

"శశాంక్!"

వాడు ఆగుతాడు. పళ్లెం కింద పడుతుంది. శాలువా జారుతుంది. చేతిలో మిగిలింది నల్లగా, చిన్నగా...

నాదస్వరం తెగిపోతుంది. కేకలు. కుర్చీలు పడుతున్న చప్పుడు!

ఫణికిరణ్ లేవబోతాడు. దండ బరువుకో, భయానికో లేవలేకపోతాడు. వాడి నుదుటికి సూటిగా తుపాకి గొట్టం.

కింద భవ్య పిస్టల్ ఎత్తింది. కానీ మధ్యలో తలలు. ఎటు గురిపెట్టినా తలలు!

మూర్తి గారు మైకు అందుకుంటారు. జీవితమంతా ఆయనను నిలబెట్టిన మైకు.

"వినండి. వీడి చెవిలో విషం పోసింది నేను. ఇల్లు మానమన్నాను. మనుషులను మానమన్నాను. జైపాల్ వచ్చి చెబితే నవ్వాను. ఇందాక మళ్లీ చెబితే, నా పరువు పోతుందని వాడికి బేడీలు వేయించాను."

మొదటిసారి ఆయన మాటకు చప్పట్లు లేవు.

"శశాంక్, నాయనా... నేను చెప్పింది తప్పు. నీ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. నీ గురువును చెబుతున్నాను. ఆపెయ్."

శశాంక్ తల తిప్పుతాడు. కళ్లలో నీళ్లు. పెదవుల మీద మాత్రం, ఆశ్చర్యంగా, చిరునవ్వు. కష్టమైన ప్రశ్నకు జవాబు ముందే తెలిసిన మొదటి బెంచీ విద్యార్థి నవ్వు.

"పరీక్ష పెడుతున్నారు కదా సర్?"

"కాదు నాయనా..."

"పోయినేడు జూన్ బ్యాచిలో మీరే చెప్పారు సర్. రేపు నేనే ఎదురుగా వచ్చి, చేతులు జోడించి ఆపమన్నా, ఆపకు. వచ్చింది నేను కాదు, నా వేషం వేసుకొచ్చిన నీ పిరికితనం, అని."

చెప్పారు.

ఆ మాటకు హాలు హాలంతా లేచి నిలబడింది. ఆ రాత్రి ఆయనకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఎంత గొప్ప శిష్యుడు! ఒక్క ముక్క మరిచిపోలేదు.

ఇక ఏం చెప్పినా అది పిరికితనమే అవుతుంది. ఏడ్చినా, బతిమాలినా, కాళ్ల మీద పడినా... తన నోటి నుంచి వచ్చే ప్రతి మాటకూ తలుపు తానే వేసి, తాళం కూడా తానే బిగించారు.

వాడి వేలు బిగుసుకుంటోంది.

ఆయన మైకు కింద పెడతారు.

నడుస్తారు. తుపాకికీ ఫణికిరణ్‌కూ మధ్యకు.

అది ధైర్యం కాదు. ధైర్యమనే మాటను ఇన్నాళ్లూ అమ్ముకున్న మనిషికి, అది కాదని మాత్రం తెలుసు. ఇంతమంది తన మొహం చూశాక, ఈ హాలులో నిలబడడానికి ఆయనకు ఆ రెండడుగుల జాగా తప్ప మరొకటి మిగల్లేదు.

"తప్పుకోండి సర్," అంటాడు శశాంక్. వినయంగానే అంటాడు.

ఆచార్యులు తల అడ్డంగా ఊపుతారు.

శశాంక్ కళ్లు గట్టిగా మూసుకుంటాడు...

తుపాకి పేలుతుంది.